మత్తడి ఉన్న చెరువు: లాగ్ సర్వర్ కూలే తీరు, నిలబెట్టే తీరు

కేంద్ర లాగ్ సర్వర్ అంటే ఒక సంస్థలోని కంప్యూటర్లు, స్విచ్‌లు, రౌటర్లు, ఫైర్‌వాల్‌లు అన్నీ తమ దగ్గర జరిగిన సంగతులను ఎప్పటికప్పుడు పంపి రాయించుకునే ఉమ్మడి చిట్టా. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, ఏ సేవ ఆగింది, ఏ కేబుల్ ఊడింది, ఏ డిస్క్ మొరాయిస్తోంది, ప్రతిదీ అందులో ఒక పంక్తి. ఏ యంత్రం చిట్టా ఆ యంత్రంలోనే ఉంటే, అది చెడిన రోజున చిట్టా కూడా దానితోపాటే పోతుంది. చొరబడిన దొంగ మొదట చెరిపేదీ దాన్నే. అందుకే నకలు వేరేచోట ఉండాలి.

ఈ పద్ధతి 1980ల నాటిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం రాస్తూ, దాని చిట్టా కోసం సిస్‌లాగ్‌ను తయారుచేశారు. రాతలో ప్రమాణమంటూ ఏదీ లేకుండానే అది లోకమంతా పాకింది. అప్పటి వాడుకను 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రం నమోదు చేసింది, 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5424 దానికి ఒక పద్ధతి తెచ్చింది. 1998లో హంగరీకి చెందిన బలాజ్ షైడ్లర్ సిస్‌లాగ్-ఎన్‌జీని, 2004లో జర్మనీకి చెందిన రైనర్ గెర్‌హార్డ్స్ ఆర్‌సిస్‌లాగ్‌ను మొదలుపెట్టారు. నేడు లినక్స్ మీద నడిచే లాగ్ సర్వర్లలో చాలావాటి గుండెకాయ ఈ రెండింటిలో ఒకటి.

మన దేశంలో ఇది ఇష్టమున్నవాళ్లు పెట్టుకునే సదుపాయం స్థాయి దాటింది. కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలి, గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీల సమయంతో సరిపోల్చుకోవాలి. నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. రెండు జిల్లాల్లోనూ విశ్వవిద్యాలయాలు, కలెక్టరేట్లు, ఆసుపత్రులు, బ్యాంకులు ఉన్నాయి. వందల పరికరాలున్న నెట్‌వర్క్ ఇప్పుడు హైదరాబాదుకే పరిమితమైన వస్తువు కాదు. దాన్ని చూసుకునే మనిషి మాత్రం చాలాచోట్ల ఒక్కరే. అర్ధరాత్రి లాగ్ సర్వర్ ఆగితే ఆ ఒక్కరికి కావలసింది పద్ధతిగా వెతికే దారి.

చెరువు లెక్క

మెట్టప్రాంతపు చెరువును ఎరిగినవారికి లాగ్ సర్వర్ లోపలి సంగతి కొత్త కాదు. వాగు నుంచి నీళ్లు వస్తాయి. కట్ట వాటిని ఆపుతుంది. తూము గుండా నీరటి ఇంత అని లెక్కగా పొలాలకు వదులుతాడు. వాగు తూము కంటే పెద్దదైన రోజున, మిగులు నీళ్లు మత్తడి దూకి కింది చెరువుకు పోతాయి. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోళుల నాటి ఉదయసముద్రం నుంచి పాలమూరు పల్లెల్లోని చిన్న కుంటల దాకా అమరిక ఇదే. మత్తడి ఎక్కడుండాలో కట్టినవాళ్లు నిర్ణయిస్తారు. అది లేకపోయినా, ఉన్నది పూడిపోయినా, కట్ట ఎక్కడ తెగాలో నీళ్లే నిర్ణయిస్తాయి.

లాగ్ సర్వర్‌లో వాగు అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే సందేశాలు. చెరువు అంటే మెమరీలో ఉండే క్యూ. తూము అంటే సందేశాలను డిస్క్ మీద రాసే, డేటాబేస్‌లో ఎక్కించే, మరో సర్వర్‌కు పంపే పని. ఈ పోలిక దూరం నుంచి తెచ్చి అతికించింది కాదు. ఆర్‌సిస్‌లాగ్ అమరికల్లో క్యూకు హై వాటర్ మార్క్, లో వాటర్ మార్క్ అనే పేర్లే ఉన్నాయి. మెమరీలోని క్యూ పై మట్టాన్ని తాకితే సందేశాలు డిస్క్ మీదికి మళ్లుతాయి, కింది మట్టానికి దిగేదాకా అలాగే సాగుతుంది. నాగార్జునసాగర్‌కు 590 అడుగుల పూర్తి మట్టం ఉన్నట్టే ప్రతి క్యూకూ ఒక పూర్తి మట్టం ఉంటుంది.

ఈ లెక్క చిన్నదే అయినా చాలామంది వేయరు. సెకనుకు 5,000 సందేశాలు వస్తూ 3,000 మాత్రమే బయటికి పోతుంటే, చెరువులో సెకనుకు 2,000 మిగులుతాయి. క్యూ 50,000 సందేశాలదైతే 25 సెకన్లలో నిండుతుంది. డిస్క్ సాయంతో కోటి సందేశాలు పట్టేలా పెంచితే 5,000 సెకన్లు, అంటే గంటా ఇరవై మూడు నిమిషాలు ఆగుతుంది. ఒక్కో సందేశం 200 బైట్లనుకుంటే దానికి 2 గిగాబైట్లు చాలు. అయితే వాగు ఆగకుండా అలాగే పారుతుంటే కోటి పట్టే చెరువైనా గంటన్నరలోపే తెగుతుంది. క్యూ అనేది కాసేపటి ఉప్పెనను ఓర్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. రోజూ వచ్చేది రోజూ పోయేదాని కంటే ఎక్కువైతే ఎంత మెమరీ కొన్నా వృథా. సర్వర్ పడిపోయినప్పుడల్లా ర్యామ్ పెంచడం, వాగు సంగతి చూడకుండా కట్ట ఎత్తు పెంచడం లాంటిది. ఈసారి నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, తెగినప్పుడు నష్టం కూడా ఎక్కువే.

ఏం జరిగిందో ముందు చూడాలి

సర్వర్ పడిపోయింది అనే మాట కింద నాలుగు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. ప్రోగ్రాం చచ్చిపోవడం ఒకటి. బతికే ఉండి కదలకపోవడం మరొకటి. కదులుతూ, నిమిషాల తరబడి వెనకబడిపోవడం మూడోది. నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరం: అంతా మామూలుగా కనిపిస్తూనే సందేశాలు చప్పుడు లేకుండా పోతుంటాయి. మొదటి మూడింటికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నాలుగోది విచారణ అవసరమైన రోజున, కావలసిన పంక్తి లేదని తేలినప్పుడే బయటపడుతుంది.

ఇది ఏ జబ్బో తేలకముందే రీస్టార్ట్ చేయడం అన్నిచోట్లా ఉన్న అలవాటు. అది ఆధారాలను తుడిచేస్తుంది. రీస్టార్ట్‌కు ముందు అయిదు నిమిషాలు వెచ్చిస్తే చాలావరకు జవాబు అక్కడే దొరుకుతుంది. ప్రాసెస్ ఎంత మెమరీ తింటోంది, ఎన్ని ఫైళ్లు తెరిచి పెట్టింది, దాని త్రెడ్‌లు ఏ పని దగ్గర ఆగి ఉన్నాయి, సాకెట్లలో చదవని బైట్లు ఎన్ని పేరుకున్నాయి, డిస్క్‌లో చోటు ఎంత, ప్రతి ఫైల్‌కూ ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్‌లు ఎన్ని మిగిలాయి, కెర్నల్ తన చిట్టాలో ఏం రాసుకుంది. ఇవి చూసి, ఒక ఫైల్‌లో దాచి, ఆ తర్వాత రీస్టార్ట్ చేయాలి.

ప్రోగ్రాం చచ్చిపోయి ఉంటే, ఎవరు చంపారన్నది మొదటి ప్రశ్న. మెమరీ అంతా అయిపోయినప్పుడు లినక్స్ కెర్నల్ ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. ఆ సంగతి కెర్నల్ చిట్టాలో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాటతో నమోదవుతుంది. హద్దు లేని క్యూ పెట్టుకున్న లాగ్ సర్వర్‌కు ఈ చావు తప్పదు. అలాంటప్పుడు ప్రోగ్రాంలో లోపం వెతకడం వృథా శ్రమ. తూము ఎందుకు మూసుకుందో వెతకాలి.

ఆర్‌సిస్‌లాగ్‌లో ఇంప్‌స్టాట్స్ అనే భాగం ఉంది. మామూలుగా అయిదు నిమిషాలకోసారి ప్రతి క్యూ లెక్కా అది రాస్తుంది. ఇప్పుడున్న మట్టం, ఇప్పటిదాకా వచ్చినవి, ఎన్నిసార్లు నిండింది, ఎన్నిటిని పారేసింది, ఎక్కువలో ఎక్కువ ఎంత మట్టానికి ఎక్కింది. జలాశయాల మట్టాలు పొద్దున్నే రాసిపెట్టే పట్టిక లాంటిదే ఇది. దీన్ని ఆన్ చేయకుండా లాగ్ సర్వర్ నడపడం గేజీ లేని చెరువును కాయడమే. ఆ లెక్కలను అదే సర్వర్ క్యూలోకి పంపకూడదు, విడిగా ఒక ఫైల్‌లోకి రాయించాలి. చెరువు నిండిన రోజున అందులో పడిన కాగితం చేతికి రాదు.

వాగు వైపు

దక్షిణ తెలంగాణలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు లాగ్ సర్వర్‌కు అసలు పరీక్ష. పగలంతా 43, 44 డిగ్రీలు కాసి, పొద్దుగూకే వేళ ఈదురుగాలి లేస్తుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. తీగల మీద, టవర్ల మీద లింకులు పడుతూ లేస్తూ ఉంటాయి. లింకు పడిన ప్రతిసారీ దాని రెండు చివర్లలోని పరికరాలు, వాటి మీద ఆధారపడిన సేవలు అన్నీ తలా ఒక పంక్తి పంపుతాయి. చివరికి కరెంటు నిలబడినప్పుడు అన్ని స్విచ్‌లూ, అన్ని సర్వర్లూ ఒకేసారి మేల్కొని తమ బూట్ కథంతా చెబుతాయి. లింకు లేనంతసేపు తమ దగ్గర దాచుకున్న సందేశాలను కూడా అప్పుడే కుమ్మరిస్తాయి. రోజంతా సెకనుకు 200 సందేశాలు చూసే సర్వర్ ఆ రెండు నిమిషాల్లో వాటికి ఎన్నో రెట్లు చూస్తుంది. సగటు లెక్క చూసి కట్టిన చెరువు తెగేది ఆ రెండు నిమిషాల్లోనే.

సిస్‌లాగ్ పుట్టినప్పటి నుంచీ ఎక్కువగా వాడుతున్న రవాణా యూడీపీ, దాని పోర్టు 514. ఇది ఉత్తరాన్ని డబ్బాలో వేసి వెళ్లిపోయే పద్ధతి, అందిందో లేదో అడగదు. సందేశం సర్వర్ దాకా వచ్చినా ముందుగా కెర్నల్ ఇచ్చే చిన్న బఫర్‌లో కూర్చుంటుంది. చాలా లినక్స్ యంత్రాల్లో దాని మామూలు పరిమాణం 2,12,992 బైట్లు. ఒక్కో సందేశానికి కెర్నల్ పెట్టుకునే అదనపు భారాన్ని కలిపితే అందులో పట్టేది కొన్ని వందల సందేశాలే. ప్రోగ్రాం సెకనులో పదో వంతు ఆగినా, ఉప్పెన వేళ ఆ బఫర్ పొంగిపోతుంది. అలా పోయినవి ఏ చిట్టాలోనూ ఉండవు. కానీ కెర్నల్ వాటి లెక్క మాత్రం ఉంచుతుంది. నెట్‌స్టాట్ ఇచ్చే యూడీపీ గణాంకాల్లో రిసీవ్ బఫర్ ఎర్రర్స్ అనే అంకె ఉంటుంది. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి అది పెరిగిందంటే, సందేశాలు సర్వర్ గుమ్మంలోనే రాలిపోతున్నట్టు. బఫర్‌ను కొన్ని మెగాబైట్లకు పెంచడం ఇక్కడ నిజంగా పనిచేసే చౌక వైద్యం.

ఉప్పెనకు కారణం ఎప్పుడూ వానే కానక్కరలేదు. ఎవరో ఒక ప్రోగ్రాంలో తప్పులు పట్టుకోవడానికి డీబగ్ స్థాయి ఆన్ చేసి మరిచిపోతారు. చివరి నిమిషంలో ఎవరు ఎన్ని పంక్తులు పంపారో యంత్రాలవారీగా లెక్కపెట్టి పెద్ద నుంచి చిన్నకు వరుసలో పెడితే, ముద్దాయి ఒకటి రెండు యంత్రాలే అని చాలాసార్లు తేలుతుంది. ఇంకో రకం ఉప్పెన తన తోక తానే మింగే పాము. దారిలోని ఫైర్‌వాల్ తన గుండా పోయే ప్రతి ప్యాకెట్‌నూ నమోదు చేసి లాగ్ సర్వర్‌కు పంపుతుంది. ఆ పంపిన సందేశం కూడా దాని గుండానే పోతుంది కనుక దాన్నీ నమోదు చేస్తుంది. ఒకటి మరొకదాన్ని పుట్టిస్తూ ఆగదు. రెండు లాగ్ సర్వర్లు పొరపాటున ఒకదానికొకటి పంపుకునేలా అమరినా ఇంతే. సాయంత్రమైనా, అర్ధరాత్రయినా, సెలవు రోజైనా రద్దీ ఒకేలా ఉంటే ముందుగా అనుమానించాల్సింది ఇలాంటి వలయాన్నే.

తూము వైపు

అనుభవం చెప్పేదేమంటే జబ్బు ఎక్కువగా ఉండేది తూము దగ్గరే. పైకి కనిపించేది వరద, అసలు కారణం నీళ్లు బయటికి పోకపోవడం.

మొదటిది డిస్క్ నిండడం. మూడు వందల పరికరాలు సెకనుకు పదేసి సందేశాలు, ఒక్కోటి 200 బైట్ల చొప్పున పంపితే రోజుకు దాదాపు 52 గిగాబైట్లు, 180 రోజులకు 9.3 టెరాబైట్లు. కుదించి దాచకపోతే ఆ చోటు ఎవరి దగ్గరా ఉండదు. పాతవాటిని తిప్పి, కుదించి, గడువు తీరినవి తీసేసే పని లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాంది. ఇది పూడికతీత పని, ఒక వారం ఆగినా తేడా తెలుస్తుంది. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. పాత ఫైల్‌ను చెరిపేశారు, డీయూ ఆదేశంతో చూస్తే డిస్క్ ఖాళీగా ఉంది, డీఎఫ్‌తో చూస్తే నిండి ఉంది. రెండూ నిజమే. ఫైల్ పేరు పోయింది కానీ లాగ్ ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని అందులోనే రాస్తోంది. తెరిచి ఉన్న, పేరు లేని ఫైళ్లను ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆదేశం చూపిస్తుంది. ప్రోగ్రాంకు హ్యాంగప్ సంకేతం పంపితే అది పాత ఫైల్‌ను వదిలి కొత్తది తెరుస్తుంది, చోటు ఒక్కసారిగా తిరిగొస్తుంది. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్నచోట గిగాబైట్లు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు అయిపోవడం దీనికి చెల్లెలి లాంటి సమస్య.

రెండోది డిస్క్ వేగం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ప్రతి పంక్తీ పళ్లెం మీద పడిందని రూఢి చేసుకున్నాకే తర్వాతిది రాయాలని పట్టుబడితే, సెకనుకు 120 దాటి రాయడం కష్టం. పాత సిస్‌లాగ్ అలాగే చేసేది, వద్దనుకున్నవాళ్లు అమరికలో ఫైల్ పేరు ముందు ఒక అడ్డగీత పెట్టేవారు. ఆర్‌సిస్‌లాగ్ ఆ పట్టుదలను మామూలుగా వదిలేసింది. దాన్ని మళ్లీ ఆన్ చేసినచోట ఒక్క మార్పుతో సర్వర్ కుంటుతుంది.

మూడోది, యంత్రానికో ఫైల్ అమరిక. చదవడానికి ఎంత సౌకర్యమో, నడపడానికి అంత భారం. ఆర్‌సిస్‌లాగ్ ఇలాంటి ఫైళ్లలో ఏకకాలంలో తెరిచి ఉంచేవి, అమరిక మార్చకపోతే, పది మాత్రమే. మూడు వందల యంత్రాలు కలగాపులగంగా పంపుతుంటే దాదాపు ప్రతి పంక్తికీ ఒక ఫైల్ మూసి మరొకటి తెరవాలి. ఈ అంకెను యంత్రాల సంఖ్యకు మించి పెంచితే సర్వర్‌కు కొత్త ఊపిరి వస్తుంది. అప్పుడు ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్ల పరిమితి అడ్డొస్తుంది. చాలాచోట్ల అది 1,024. దాన్నీ పెంచాలి. ఒక ముడి విప్పితే తర్వాతి ముడి కనిపించడం ఈ పనిలో మామూలే.

నాలుగోది ఎవరూ అనుమానించనిది: పేరు కనుక్కోవడం. సందేశం ఐపీ చిరునామాతో వస్తుంది. దాని పేరు రాయడం కోసం సర్వర్ డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. జవాబు రాకపోతే మామూలు అమరికలో అయిదు సెకన్లు ఆగి, మళ్లీ అడిగి, మరో అయిదు సెకన్లు ఆగుతుంది. బయటి లింకు పడిపోయిన సాయంత్రం డీఎన్‌ఎస్ కూడా అందదు. అంటే సందేశాలు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే వేళకే తూము తలుపు పదేసి సెకన్లు మూసుకుంటుంది. సీపీయూ ఖాళీ, డిస్క్ ఖాళీ, అయినా క్యూ నిండుతుంది. ఈ మూడూ కలిసి కనబడితే చూడాల్సింది డీఎన్‌ఎస్‌నే. పేర్లను వెతకడం మానెయ్యాలి, లేదా హోస్ట్స్ ఫైల్‌లో రాసిపెట్టుకోవాలి.

వెనక్కి తన్నే నీళ్లు

యూడీపీ పోగొడుతుందని టీసీపీకి మారినవారికి మరో రకం కష్టం ఎదురవుతుంది. టీసీపీలో అందుకునేవాడు ఆగితే పంపేవాడు కూడా ఆగాలి. నది కూడా ఒకసారి ఇలాగే వెనక్కి తన్నింది. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆనకట్టను సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరద లెక్కతో కట్టారు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 అడుగుల దాకా ఎక్కాయి. తుంగభద్ర వరదకు జలాశయం వెనుక నీళ్లు తోడై పై ఊళ్లయిన కర్నూలునూ, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురాన్నీ ముంచాయి. కట్ట నిలిచింది. మునిగినవి కట్టకు ఎగువన ఉన్న ఊళ్లు.

లాగ్ సర్వర్ విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. కేంద్ర సర్వర్ చదవడం ఆపగానే పంపే యంత్రాల్లోని టీసీపీ బఫర్లు నిండుతాయి, ఆ తర్వాత వాటి సొంత క్యూలు నిండుతాయి. అక్కడి లాగ్ ప్రోగ్రాం తన యంత్రంలోని సందేశాలను అందుకోవడం కూడా ఆపేస్తుంది. పాత అమరికల్లో ఆ క్షణాన లాగ్‌కు ఒక పంక్తి రాయబోయిన ప్రతి ప్రోగ్రామూ రాత పూర్తయ్యేదాకా నిలబడిపోతుంది. లాగిన్ చేసే ఎస్‌ఎస్‌హెచ్, అధికారం మార్చే సుడో, వేళకు పనులు చేసే క్రాన్, అన్నీ రాయకుండా ముందుకు పోనివే. ఎక్కడో ఒక గదిలో డిస్క్ నిండితే, దానితో సంబంధమే లేదనుకున్న యంత్రాల్లోకి ఎవరూ లాగిన్ కాలేకపోతారు. సిస్టమ్‌డీ జర్నల్ మధ్యలో ఉన్న కొత్త యంత్రాల్లో ఈ ఆగడం తగ్గింది, దానికి బదులు నమోదులు రాలిపోతాయి. ఒకే సేవ 30 సెకన్లలో 10,000 పంక్తులు దాటితే మిగతావి పారేయడం జర్నల్‌కు మామూలు నియమం కూడా. దీనికి మందు పంపే ప్రతి యంత్రంలోనూ బయటికి పంపే పనికి విడిగా ఒక క్యూ పెట్టడం, అది నిండినప్పుడు ఆగకుండా పారేయమని చెప్పడం.

టీసీపీ ఏదీ పోగొట్టదన్న నమ్మకం కూడా పూర్తి నిజం కాదు. కనెక్షన్ తెగిన క్షణాన బఫర్‌లో ఉన్నవి అందాయో లేదో పంపినవాడికి తెలియదు. ఈ లోటు చూసే గెర్‌హార్డ్స్ రెల్ప్ అనే మరో పద్ధతి తయారుచేశారు. అందులో ప్రతి సందేశానికీ అందినట్టు రశీదు వస్తుంది, రానివాటిని మళ్లీ పంపుతారు.

ఒక్క అంకెతో కూలిన సంగతి

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రవాహపు లెక్కలు. ప్రోగ్రాంలోనే తప్పు ఉండటం అరుదు, కానీ ఉంటుంది. ప్రతి సిస్‌లాగ్ సందేశం మొదట్లో కోణపు గుర్తుల మధ్య ఒక అంకె వస్తుంది. సందేశం ఏ విభాగానిదో చెప్పే సంఖ్యను 8తో హెచ్చవేసి, దానికి తీవ్రత కలిపితే ఆ అంకె వస్తుంది. 34 అంటే 4వ విభాగం, 2వ తీవ్రత: లాగిన్ వ్యవహారాల్లో విషమ స్థితి అని అర్థం. విభాగాలు 0 నుంచి 23, తీవ్రతలు 0 నుంచి 7. కాబట్టి ఆ అంకె 191 దాటడానికి వీల్లేదు. దాటితే ఏం చేయాలన్నది ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2014లో గెర్‌హార్డ్స్ స్వయంగా ఆ లోపాన్ని గుర్తించారు. 191 కంటే పెద్ద అంకెతో సందేశం వస్తే, ఆర్‌సిస్‌లాగ్ తన పట్టికకు బయట ఉన్న మెమరీని చదవబోయి కూలవచ్చు. పాత సిస్‌లాగ్‌డీలోనూ అదే తప్పు ఉంది. మొదటి సవరణ కూడా చాలలేదు, మరీ పెద్ద అంకెలు దాన్నీ దాటిపోవడంతో రెండోసారి సవరించారు.

ఇలాంటి తప్పును ప్రవాహపు జబ్బు నుంచి వేరుచేసి గుర్తుపట్టవచ్చు. క్యూ మట్టం తక్కువగా ఉండగానే, రద్దీ లేని వేళల్లో కూడా ప్రోగ్రాం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో చస్తుంది. అప్పుడు చేయాల్సింది కోర్ ఫైల్ దాచేలా అమర్చి, అది దొరికాక జీడీబీ అనే పనిముట్టుతో ప్రోగ్రాం ఏ పని చేస్తూ చచ్చిందో చూడటం. దానికి ముందు రెండు సులువైన పనులున్నాయి. ప్రోగ్రాంను తాజా రూపానికి మార్చడం ఒకటి, అమరికలోని భాగాలను సగం సగం తీసేస్తూ ఏ సగంలో ఉంటే చస్తోందో చూడటం మరొకటి. ముప్పై రెండు నియమాలుంటే అయిదు ప్రయత్నాల్లో ఒక్క నియమం దగ్గరికి చేరవచ్చు.

కాలం తప్పితే

గడియారాలు సరిగా లేకపోతే సర్వర్ కూలదు, కానీ కూలిందెందుకో తెలియకుండా పోతుంది. ఆర్‌ఎఫ్‌సీ 3164 తరహా సందేశంలో సంవత్సరం ఉండదు, ఏ దేశపు సమయమో కూడా ఉండదు. కొన్ని పరికరాలు గ్రీనిచ్ సమయం, కొన్ని భారత సమయం పంపితే, ఒకే సంఘటన చిట్టాలో అయిదున్నర గంటల ఎడంతో రెండుచోట్ల కనిపిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలదు. ఆర్‌ఎఫ్‌సీ 5424 ఈ రెండు లోట్లనూ తీర్చింది. సర్వర్ తానుగా అందుకున్న సమయాన్ని కూడా ప్రతి పంక్తిలో రాయించుకోవడం మంచిది. ఆ రెండు సమయాల తేడా చూస్తే ఏ యంత్రం గడియారం తప్పిందో, ఏ సందేశం ఎంతసేపు క్యూలో ఉందో రెండూ తెలుస్తాయి.

గడియారమే యంత్రాలను కిందపడేసిన సందర్భం కూడా ఉంది. 2012 జూన్ 30న ప్రపంచ సమయానికి ఒక లీప్ సెకను కలిపారు. మన దగ్గర అది జులై 1 తెల్లవారుజామున అయిదున్నరకు పడింది. లినక్స్ కెర్నల్‌లోని ఒక లోపం వల్ల ఎన్నో సర్వర్ల సీపీయూలు ఆ క్షణం నుంచి పూర్తి వేగంతో ఊరికే తిరగసాగాయి. తేదీని మళ్లీ సెట్ చేయగానే కుదుటపడ్డాయి.

కరెంటు, ఎండ

డిస్క్ మీద క్యూ పెట్టుకున్న సర్వర్‌కు ఉన్నట్టుండి కరెంటు పోవడం ప్రత్యేకమైన కష్టం తెస్తుంది. క్యూలోని సందేశాలు ఒక వరుస ఫైళ్లలో ఉంటాయి. ఎక్కడిదాకా చదివాం, ఎక్కడిదాకా రాశాం అన్న గుర్తు ఇంకో చిన్న ఫైల్‌లో ఉంటుంది. గుర్తు రాసేలోపు కరెంటు పోతే, సందేశాలు ఉన్నా వాటి దారి తెలియదు. తిరిగి మొదలైన ప్రోగ్రాం ఆ సందేశాలను వదిలేయడమో, రెండోసారి పంపడమో చేస్తుంది. గుర్తు ఫైల్‌ను తిరిగి అల్లే చిన్న ప్రోగ్రాం ఆర్‌సిస్‌లాగ్‌తోనే వస్తుంది. గుర్తును తరచుగా రాసేలా అమర్చుకుంటే ఆ అవసరం తగ్గుతుంది. యూపీఎస్ బ్యాటరీ అయిపోవస్తోందని చెప్పగానే సర్వర్ తానుగా పద్ధతిగా ఆగేలా చేయడం ఇంకా మేలు. యూపీఎస్ ఉన్న చాలాచోట్ల ఆ సంగతిని సర్వర్‌కు చేరవేసే సీరియల్ లేదా యూఎస్‌బీ తీగ మాత్రం తగిలించి ఉండదు.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. సర్వర్‌లోకి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆ రంగంలోని సిఫారసు. ఏసీ ఆగిన మే మధ్యాహ్నం ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే వాగు అలాగే ఉండి తూము సన్నబడుతుంది. ప్రతిరోజూ మూడింటికి కుంటి, రాత్రికి కోలుకునే సర్వర్ ఉంటే, అమరిక ఫైల్ తెరిచే ముందు గదిలో థర్మామీటర్ పెట్టి చూడాలి.

మత్తడి పెట్టడం

అన్ని కారణాలూ సరిచేసినా, ఎప్పుడో ఒక రోజు చెరువు కంటే పెద్ద వరద వస్తుంది. ఆ రోజున ఏది పోవాలో ముందే నిర్ణయించి ఉండాలి. సిస్‌లాగ్‌లో తీవ్రతలు ఉన్నది ఇందుకే. 0 అత్యవసరం, 7 డీబగ్. క్యూ ఫలానా మట్టం దాటితే 6, 7 తీవ్రతల సందేశాలను పారేయమని ఆర్‌సిస్‌లాగ్‌కు చెప్పవచ్చు. లాగిన్లు, డిస్క్ లోపాలు, ఫైర్‌వాల్ హెచ్చరికలు నిలుస్తాయి, ప్రోగ్రాంలు తమలో తాము గొణుక్కునేవి దూకిపోతాయి. కొన్ని పరికరాలు లాగిన్ వివరాలను కూడా 6వ తీవ్రతతోనే పంపుతాయి కనుక, అమర్చే ముందు ఏ పరికరం దేన్ని ఏ తీవ్రతతో పంపుతోందో ఒక రోజు చిట్టా తెరిచి చూడాలి. లాగిన్‌లకు విడిగా ఒక చిన్న క్యూ, విడిగా ఒక ఫైల్ ఇస్తే ఇంకా మేలు. మిగతా చెరువు పొంగినా ఆ కుంట భద్రంగా ఉంటుంది. మెమరీ క్యూకు గట్టి హద్దు, డిస్క్ క్యూకు గరిష్ఠ పరిమాణం, లాగ్‌లకు విడి పార్టిషన్ ఉంటే, లాగ్‌లు నిండినందుకు మొత్తం యంత్రం ఆగిపోయే పరిస్థితి రాదు.

ఈ అమరిక పనిచేస్తుందో లేదో వానాకాలం దాకా ఆగి తెలుసుకోనక్కరలేదు. సిస్‌లాగ్-ఎన్‌జీతో వచ్చే లాగ్‌జెన్ అనే పనిముట్టు కోరిన వేగంతో సందేశాలు కురిపిస్తుంది. మామూలు రద్దీతో మొదలుపెట్టి రెట్టింపు, దానికి రెట్టింపు చేస్తూ పోయి, ఏ వేగం దగ్గర క్యూ దిగడం మానేస్తుందో రాసుకోవాలి. తర్వాత డేటాబేస్‌నో, కింది సర్వర్‌నో కావాలని పది నిమిషాలు ఆపి, క్యూ డిస్క్ మీదికి మళ్లిందో లేదో, తిరిగి వదిలాక ఎంతసేపట్లో ఖాళీ అయిందో చూడాలి. డీఎన్‌ఎస్ అందకుండా చేసి ఒకసారి, పంపే యంత్రాలన్నిటినీ ఒకేసారి రీస్టార్ట్ చేసి ఒకసారి చూడాలి. పంపే సందేశాలకు 1 నుంచి 10,00,000 దాకా వరుస సంఖ్యలు వేసి పంపితే, చివరికి ఫైల్‌లో లేని సంఖ్యలు ఏవో విడిగా తీయవచ్చు. ఆ లేని సంఖ్యల తీవ్రతలు 6, 7 అయితే మత్తడి తన చోటే దూకింది. వాటిలో 3వ తీవ్రత పంక్తి ఒక్కటి కనబడినా, కట్ట ఎక్కడో కారుతున్నట్టే లెక్క. ఇంప్‌స్టాట్స్ పట్టికనూ, కెర్నల్ యూడీపీ లెక్కనూ ముందు వేసుకుని వాగు వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.